కిందదాకా దించితేనే లెక్క

ఫిజియో మేడం నన్ను చూసి నవ్విన రోజు నాకు బాగా గుర్తు. ఆ రోజు నా చేతిలో ఉన్నది 15 కిలోల డంబెల్ కాదు, అరలీటరు నీళ్ల సీసా. పక్కన కుర్చీలో మా నాన్న.

"బాబూ, మీరు జిమ్ముకి వెళ్తారట కదా. ఈ కదలిక మాస్టారికి ఒకసారి చేసి చూపించండి" అన్నారావిడ.

ఇదేం పెద్ద విద్య! నాలుగేళ్లుగా వారానికి రెండుసార్లు చేస్తున్న ఆర్మ్ కర్ల్ అది. చేయి మడిచి బరువు ఎత్తడం, దించడం, అంతే కదా. టకటకా పదిసార్లు ఎత్తి దించాను. ఆవిడ ఫక్కున నవ్వేశారు.

"మాస్టారి మోచేయి దెబ్బ తగిలి తిన్నగా రావట్లేదు. మీది తిన్నగానే వస్తుంది, మీరే రానివ్వట్లేదు" అన్నారు.

మా నాన్న లెక్కల మాస్టారు. తెనాలి చుట్టుపక్కల జిల్లా పరిషత్ హైస్కూళ్లలో చెప్పి చెప్పి రెండేళ్ల కిందట రిటైరయ్యారు. పోయిన వానాకాలం పెరట్లో పాచి పట్టిన గచ్చు మీద కాలు జారి, కుడి అరచేయి నేలకి ఆనించి పడ్డారు. అలా పడితే దెబ్బ అరచేతి నుంచి ముంజేతి ఎముక మీదుగా మోచేతికి చేరుతుంది. అక్కడ రేడియస్ అనే ఎముక తల దగ్గర సన్నటి పగులు వచ్చింది. ఎముక పక్కకి జరగలేదు కాబట్టి ఆపరేషన్ అక్కర్లేదని, వారం పాటు చేతిని మెడకు వేలాడేసుకుని, ఆ తర్వాత నొప్పిని బట్టి మెల్లగా కదపడం మొదలుపెట్టాలని డాక్టరుగారు చెప్పారు. చీటీ మీద రాసి కూడా ఇచ్చారు. ఆ రెండో మాట మాత్రం మా ఇంట్లో ఎవరి చెవికీ ఎక్కలేదు.

"కదిపితే అతుక్కున్నది ఊడిపోదూ?" అని అమ్మ. "పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టించకపోయారా?" అని పక్కింటాయన. "నలభై రోజులు చెయ్యి తియ్యకండి మాస్టారూ" అని పాలాయన. హైదరాబాద్‌లో కూర్చుని వీడియో కాల్‌లో "రెస్ట్ తీసుకో నాన్నా" అన్నది నేను. అందరి మాటా మన్నించి ఆయన ఆరు వారాలు ఆ చేతిని గుండెకు అదుముకునే ఉన్నారు. పట్టీ తీశాక చూస్తే పగులు అతికింది, మోచేయి బిగిసింది. పూర్తిగా చాచలేరు, పూర్తిగా మడవలేరు.

చేయి తిన్నగా చాచినప్పుడు మోచేతిని సున్నా డిగ్రీలు అనుకుంటే, పూర్తిగా మడిచినప్పుడు మామూలుగా 140, 145 దాకా వస్తుంది. మేడం కోణమానినిలాంటి గోనియోమీటర్ పెట్టి చూస్తే నాన్న చేయి 40 నుంచి 105 దాకానే కదులుతోంది. రోజువారీ పనులకు మోచేయి ఎంత కదలాలో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 1981లోనే కొలిచి చెప్పారు. దాదాపు అన్ని పనులూ 30 నుంచి 130 డిగ్రీల లోపలే అయిపోతాయట. ఫోన్ చెవి దగ్గర పెట్టుకోవడం, ముద్ద నోట్లో పెట్టుకోవడం లాంటివి అందులో పైకొసన ఉంటాయి. నాన్న అన్నం కలిపేవారు. ముద్ద నోటి దాకా వచ్చేది కాదు, తలే కంచం మీదకి వంగేది. ఎడమ చేత్తో తినడానికి మనసొప్పదు. కార్తీకమాసంలో నాలుగు పెళ్లి పిలుపులొస్తే ఒక్కదానికీ వెళ్లలేదు. నలుగురి మధ్య బంతిలో కూర్చుని అలా వంగి తినడం ఆయనకి ఇష్టం లేదు. ఆ సంగతి ఆయన చెప్పలేదు, అమ్మ చెప్పింది.

అప్పుడే నేను రెండు వారాలు ఇంటి నుంచి పని పెట్టించుకుని ఊరికి వెళ్లాను. రోజూ సాయంత్రం నాన్నని స్కూటీ మీద ఫిజియో దగ్గరకి తీసుకెళ్లడం నా పని. ఆ నీళ్ల సీసా వ్యవహారం రెండో రోజు జరిగింది. ఆవిడ అన్న మాట ఊరికే సరదాకి అన్నదేమో అనుకుని వదిలెయ్యొచ్చు. కానీ నాకు నిద్ర పట్టలేదు.

నాలుగేళ్ల 'సగం' కర్ల్

మియాపూర్‌లో మా హాస్టల్ సందు చివర జిమ్‌లో చేరిన మొదటి రోజు, అందరు కుర్రాళ్లలాగే నేనూ నేరుగా అద్దం ముందుకెళ్లి డంబెల్ తీశాను. కాళ్లు, వీపు, ఇవన్నీ తర్వాత సంగతి. ముందు టీషర్టు చేతులు టైట్ అవ్వాలి. ఆ మర్నాడు, ఆ పై మర్నాడు మోచేతులు చాచలేక, పళ్లు తోముకోలేక పడ్డ పాట్లు జిమ్‌లో చేరినవాళ్లందరికీ తెలిసినవే. అది అలవాటు లేని కండ బరువుని దించేటప్పుడు పడ్డ శ్రమ వల్ల వచ్చే నొప్పి. రెండు మూడు రోజుల్లో అదే తగ్గుతుంది. (తగ్గకుండా చేయి బాగా వాచిపోయి, మూత్రం కోలా రంగులోకి మారితే మాత్రం అది మామూలు నొప్పి కాదు. కండ దెబ్బతిని ఆ ప్రభావం కిడ్నీల మీద పడుతున్నట్టు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.)

తర్వాత అంతా బరువు పెంచడమే. 5 కిలోల నుంచి 7.5, అక్కణ్నుంచి 10, 12.5, చివరికి 15. "వెయిట్ పెంచన్నా, ఇంకా ఇదే ఎత్తుతావా" అని మా ట్రైనర్. పెంచిన ప్రతిసారీ చేయి తిరిగే దూరం కొంచెం తగ్గుతూ వచ్చిందని అప్పుడు తెలీలేదు. బరువు రాక్ మీద అంకెగా కనిపిస్తుంది. డిగ్రీలు ఎక్కడా రాసి ఉండవు కదా.

హైదరాబాద్ తిరిగొచ్చాక రూమ్మేట్‌ని బతిమాలి పక్క నుంచి వీడియో తీయించుకున్నాను. ఆపి ఆపి చూశాను. బరువు కిందకి వచ్చేసరికి మోచేయి ఇంకా 50 డిగ్రీల మడతలోనే ఉంది. అక్కణ్నుంచి నడుము వెనక్కి ఒక ఊపు. పైన 100 దగ్గరకి రాగానే మోచేతులు పక్కటెముకలు వదిలి ముందుకి పరిగెత్తుతున్నాయి. అంటే నేను వాడుతున్నది 145 డిగ్రీల్లో ఓ 50. నాన్న బిగిసిపోయిన చేయి అయినా 65 తిరుగుతోంది.

ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. ఆఫీసులో తొమ్మిది గంటలు నా మోచేయి కీబోర్డు మీద 90 దగ్గరే ఉంటుంది, అరచేయి కిందకి తిప్పి. బైకు మీదా దాదాపు అంతే. ఫోన్ పట్టుకున్నా అంతే. సాయంత్రం నెలకింతని డబ్బు కట్టి జిమ్ముకి వెళ్లి, మళ్లీ ఆ 90 చుట్టూనే ప్రదక్షిణలు చేస్తున్నాను.

మాస్టారి బొమ్మ

మధ్యలోనే ఎందుకు తిరుగుతాం, ఎందుకు ఊపుతాం అన్నది నాకు అర్థమైంది నాన్న గీసిన బొమ్మ చూశాకే. కుడి చేయి సహకరించక ఎడమ చేత్తో క్యాలెండర్ వెనక గీశారు. ఫోన్లో నా వీడియో పెట్టి చూపిస్తే, "ఇది తొమ్మిదో తరగతి లెక్కరా" అన్నారు.

చేతిలో 10 కిలోలు ఉన్నాయనుకోండి. మోచేతి నుంచి డంబెల్ దాకా సుమారు 30 సెంటీమీటర్లు. కండ లాగే తాడు మాత్రం మోచేతి కీలుకి ఓ 4 సెంటీమీటర్ల దూరంలోనే పనిచేస్తుంది. ముంజేయి నేలకి సమాంతరంగా వచ్చినప్పుడు 10ని 30తో గుణించి 4తో భాగిస్తే 75. అంటే చేతిలో పదే అయినా, ఆ క్షణాన లోపల కండలు 75 కిలోల లెక్కన లాగాలి. ముంజేతి సొంత బరువు ఇంకా కలపలేదు. నా 15 కిలోలకి అది 112 దాటుతుంది.

ఇప్పుడు చేయి ఇంకా కింద, 30 డిగ్రీల దగ్గర ఉంది. అక్కడ బరువు తిప్పే బలం సగమే, సైన్ 30 అర కాబట్టి. పూర్తిగా కింద అది సున్నా. పైన మళ్లీ తగ్గుతుంది. అంటే నిలబడి చేసే కర్ల్‌లో అసలు కొండ 90 డిగ్రీల దగ్గర ఉంది. మోయలేని బరువు పట్టుకున్నవాడు ఆ కొండ ఎలా దాటతాడు? కింద నడుముతో ఒక ఊపు ఇస్తాడు. ఆ వేగంతో డంబెల్ కొండ మీదుగా ఎగిరి పోతుంది. కండ పనిచేయాల్సిన చోట కండకి సెలవు. పైకెళ్లాక మోచేయి ముందుకి తోస్తే ముంజేయి నిలువుగా నిలబడి, బరువు ఎముక మీద కూర్చుంటుంది. అక్కడ ఎంతసేపైనా పట్టుకోవచ్చు, అందుకే అక్కడ అద్దంలో చూసుకుంటాం.

మరి కింద సున్నా అయితే, కిందదాకా ఎందుకు దించాలి? నేనూ అదే అడిగాను. పూర్తిగా చాచి, ఒక క్షణం ఆగితే ఊపు చచ్చిపోతుంది. మళ్లీ సున్నా నుంచి నిజాయితీగా మొదలుపెట్టాలి. చాచుకుని ఉన్న కండకి మొదటి లాగు లాగడం కష్టం, ఆ కష్టమే మనం తప్పించుకుంటున్నది. బండి దొర్లిస్తూ స్టార్ట్ చేసేవాడికి బ్యాటరీ పోయిన సంగతి ఎప్పటికి తెలుస్తుంది?

ఇది ఉత్త లెక్కే కాదు. బ్రెజిల్‌లో 40 మంది యువకులతో చేసి 2012లో ప్రచురించిన ఒక పరిశోధన ఉంది. కొందరితో సున్నా నుంచి 130 దాకా, కొందరితో 50 నుంచి 100 దాకా మాత్రమే (అచ్చం నాలాగే!) పది వారాలు కర్ల్స్ చేయించారు. సగం దూరం చేసినవాళ్లు ఎక్కువ బరువులు వాడగలిగారు. అయినా బలం ఎక్కువ పెరిగింది పూర్తిగా చేసినవాళ్లకే. అదే దేశంలో 2023లో వచ్చిన ఇంకో పరిశోధనలో కింది సగం మాత్రమే చేసినవాళ్లనీ, పై సగం మాత్రమే చేసినవాళ్లనీ పోల్చారు. కింది సగంవాళ్లదే పైచేయి. మనం వదిలేస్తున్న ముక్కలోనే లాభం ఎక్కువన్నమాట.

7.5 కిలోల అవమానం

తెలిశాక ఊరుకోలేం కదా. మర్నాడు జిమ్‌లో 10 కిలోలు తీసి వీపు గోడకి ఆనించి నిలబడ్డాను. ఇది ఫిజియో మేడం చెప్పిన చిట్కా: మడమలు గోడకి ఓ జానెడు ముందు, పిర్రలు, వీపు గోడకి. మోకాళ్లు కాస్త సడలించి. ఇక నడుము ఊపుదామన్నా ఊగదు. కిందదాకా దించి, ఆగి, ఎత్తితే ఐదోసారికే చేయి వణికింది. 7.5కి దిగాను. పదిసార్లు అయ్యాయి, చివరి రెండు పళ్లు బిగించి. నాలుగేళ్ల తర్వాత నా అసలు బరువు అది. పక్కన ఇంటర్ కుర్రాడు 12.5 ఊపుతున్నాడు. "ఏమైందన్నా, జ్వరమా?" అని ట్రైనర్ అడిగాడు. ఆ వారం అద్దానికి దూరంగా మూలకెళ్లి చేసుకున్నానని ఒప్పుకుంటాను.

ఎలా చేస్తున్నానో చెప్తాను, అద్దం ముందు ఎవరికైనా పనికొస్తుంది. జబ్బలు శరీరం పక్కన వేలాడాలి, గూడలు చెవుల వైపు ఎక్కకూడదు. అరచేయి ముందుకి. మణికట్టు ముంజేతికి సూటిగా ఉండాలి. లోపలికి ముడిస్తే కండ పెరుగుతుందని కొందరు అనుకుంటారు, పెరిగేది మోచేతి లోపలి వైపు నొప్పి. నాకు ఆరునెలలు ఉండేది అది. మౌస్ వల్ల అనుకుని కొత్త మౌస్ కొన్నాను. బరువుని పిండేసేంత గట్టిగా పట్టుకోవక్కర్లేదు. ఊపిరి వదులుతూ ఎత్తండి, మోచేయి ఉన్నచోటే ఉండాలి, తలుపు మడతబందులాగా. ముంజేయి జబ్బకి దగ్గరపడి, ఇక మోచేయి ముందుకి కదలబోతోంది అనిపించినచోట పైకొస. అక్కణ్నుంచి మనసులో మూడు లెక్కపెడుతూ దించండి. ఎత్తే దానికన్నా దించడం ముఖ్యమని నా అభిప్రాయం. కండ ఎత్తగలిగే దానికంటే ఎక్కువ బరువుని ఆపుతూ దించగలదు. ఆ బలాన్ని వాడుకోకుండా డంబెల్‌ని దబ్బున వదిలేయడం సగం జీతం వద్దనడమే. కింద చేయి తిన్నగా అయ్యాక ఆగండి. తిన్నగా అంటే మోచేతిని టక్కుమని వెనక్కి కొట్టమని కాదు, కండ పట్టు వదలకుండా చాచమని. ఎత్తడానికి ఒకటి రెండు సెకన్లు, దించడానికి మూడు. ఇలా పది, పన్నెండు చక్కగా రాకపోతే బరువు ఎక్కువైందన్నట్టే.

ఒక మాట అరచేతి గురించి. బైసెప్స్ మోచేతిని మడవడమే కాదు, అరచేతిని పైకి తిప్పుతుంది కూడా. కుడి చేత్తో స్క్రూ బిగించేటప్పుడు జబ్బ పట్టుకుని చూడండి, కండ ఉబ్బుతుంది. దాని తాడు వెళ్లి అతుక్కునేది తిరిగే ఎముక అయిన రేడియస్‌కే, నాన్నకి పగిలింది దాని తలే. అందుకే ఆయన అరచేయి కూడా పూర్తిగా పైకి తిరిగేది కాదు. గుళ్లో తీర్థం పట్టబోతే పక్కకి ఒలికిపోయేది. డంబెల్‌తో చేస్తే కింద అరచేయి తొడ వైపు ఉంచి, ఎత్తుతూ పైకి తిప్పొచ్చు. రెండు పనులూ అవుతాయి. తిప్పకుండా, సుత్తి పట్టుకున్నట్టు ఎత్తితే (దాన్నే హామర్ కర్ల్ అంటారు) బైసెప్స్ కింద దాగిన బ్రేకియాలిస్, ముంజేతి పై కండ ఎక్కువ పనిచేస్తాయి. చేయి లావుగా కనపడటంలో వాటి వాటా తక్కువేం కాదు.

తిన్నటి రాడ్డుతో చేస్తే మణికట్టు నొప్పెట్టే వాళ్లుంటారు. అది వాళ్ల తప్పు కాదు. చేయి చాచి అరచేయి ముందుకి తిప్పితే ముంజేయి ఒంటికి కొంచెం దూరంగా, పక్కకి వంగి ఉంటుంది, ఒక్కొక్కరికి ఒక్కో కోణంలో. అది దేవుడిచ్చిన వంపు. రాడ్డుకి ఆ వంపు లేదు. వంకరగా ఉండే ఈజెడ్ రాడ్డో, డంబెల్సో వాడుకుంటే సరి.

ఏటవాలు మెత్త మీద జబ్బ ఆనించి చేసే ప్రీచర్ కర్ల్ దగ్గర మాత్రం జాగ్రత్త. నాన్న బొమ్మలో దీనికి లెక్క మారిపోతుంది. మెత్త 45 డిగ్రీల వాలులో ఉంటే, చేయి పూర్తిగా చాచినప్పుడు కూడా బరువు తిప్పే బలం గరిష్ఠంలో 70 శాతం ఉంటుంది. నిలబడి చేసేటప్పుడు అక్కడ సున్నా. కండకి అది మంచిదే, కానీ నిలబడి ఎత్తే బరువునే ఇక్కడ పెట్టి కిందకి వదిలితే మోచేతి దగ్గర తాడు తెగే ప్రమాదం ఉంది. టప్ మని చప్పుడై, మోచేతి ముందు కమిలి, కండ పైకి ముడుచుకుపోతే ఐస్ పెట్టుకుని కూర్చోకుండా ఎముకల డాక్టరు దగ్గరకి వెళ్లాలి. అలాంటి వాటికి ఆలస్యం పనికిరాదు. తక్కువ బరువుతో, మెల్లగా దించితే ప్రీచర్ కర్ల్ కన్నా మంచి మాస్టారు లేడు.

కండలు పెంచితే చేతులు బిగిసిపోతాయని మా అమ్మలాంటి వాళ్ల నమ్మకం. పూర్తి దూరం తిప్పుతూ బరువులెత్తితే కీళ్లు సాగుతాయే గానీ బిగియవు. బిగించేది కదలకపోవడం. అది మా ఇంట్లో ఆరు వారాలు కళ్లారా చూశాం.

సీసా నుంచి బియ్యం సంచి దాకా

నాన్న సంగతికి వస్తాను. మేడం మొదటి రోజే ఒక హెచ్చరిక చేశారు: నూనె పెట్టి గట్టిగా మర్దనా చేయించొద్దు, ఎవరూ చేయి పట్టుకుని లాగొద్దు. దెబ్బ తిన్న మోచేతిని బలవంతం చేస్తే కండలో ఎముక లాంటి గడ్డ కట్టి ఇంకా బిగిసిపోయే ప్రమాదం ఉందట. ఏం చేసినా ఆయన కండతో ఆయనే చేయాలి. రోజుకి నాలుగుసార్లు, పదేసి చొప్పున. ముందు ఉత్త చేయి. తర్వాత అరలీటరు సీసా. డిసెంబరుకి లీటరు సీసా.

నాన్న చేస్తుంటే నేను చూసేవాణ్ని. పైకి ఎత్తడం కన్నా కిందకి దించేటప్పుడే ఆయన మొహంలో కష్టం కనిపించేది. 40 డిగ్రీల దగ్గర చేయి ఆగిపోయేది. అక్కడ ఆపి, ఊపిరి తీసుకుని, సీసా బరువుతో ఇంకొక్క వెంట్రుకవాసి దించేవారు. జిమ్‌లో నేను నాలుగేళ్లు ఎగ్గొట్టిన చోటు సరిగ్గా అదే. ఆయన గోడ మీద క్యాలెండర్లో తేదీ పక్కన డిగ్రీలు రాసుకునేవారు. 38. 36. వారం పాటు 36. మళ్లీ 33.

సంక్రాంతికి వెళ్లేసరికి 20 నుంచి 128. కనుమ రోజు అందరం కింద కూర్చుని తింటున్నాం. అమ్మ గారెలు వడ్డిస్తూ నాన్న వైపు చూసి, చూడనట్టు వెళ్లిపోయింది. ఆయన తల ఎత్తే తింటున్నారు. ఎవరం ఏమీ అనలేదు. మాఘమాసంలో పెదనాన్నగారి మనవరాలి పెళ్లికి బంతి భోజనానికే వెళ్లారని, రెండోసారి పులిహోర వేయించుకున్నారని తర్వాత తెలిసింది. చివరి పదిహేను డిగ్రీలు రాకపోవచ్చని, ఇలాంటి పగుళ్లలో చాలామందికి కొంచెం మిగిలిపోతుందని, దానివల్ల పనులేమీ ఆగవని డాక్టరుగారు చెప్పారు. నాన్న ఒప్పుకోలేదు. క్యాలెండర్ మారింది, అంకెలు కొనసాగుతున్నాయి.

మొన్న ఉగాదికి వెళ్లినప్పుడు ఆయనకో పరీక్ష పెట్టాను. అరవై దాటిన వాళ్ల చేతి బలం చూడటానికి అమెరికాలో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ, ఫుల్లర్టన్‌లో రిక్లీ, జోన్స్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు తయారుచేసిన పరీక్షల్లో ఒకటి ఈ ఆర్మ్ కర్ల్. కుర్చీలో కూర్చుని, మగవాళ్లయితే 8 పౌండ్లు, అంటే 3.6 కిలోలు, ఆడవాళ్లయితే 5 పౌండ్లు, అంటే 2.3 కిలోల దాకా పట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు ఎత్తి దించగలరో చూడాలి. కింద చేయి తిన్నగా వస్తేనే లెక్క. 60 నుంచి 64 ఏళ్ల మగవాళ్లకి 16 నుంచి 22 మామూలు. నీళ్ల బిందె, గ్యాస్ బండ, మనవడు, ఏది ఎత్తాలన్నా కావాల్సిన బలం ఇదే కాబట్టి ఆ పరీక్ష. ఇంట్లో పెద్దవాళ్లుంటే మీరూ పెట్టి చూడొచ్చు. గుండె జబ్బు, కొత్తగా ఆపరేషన్ లాంటివి ఉంటే డాక్టర్ని అడిగాకే.

మా ఇంట్లో 3.6 కిలోల డంబెల్ ఎక్కడిది? చేతిసంచిలో బియ్యం తూచి పోశాం. మేడంని ఫోన్లో అడిగితే ఇప్పుడు పర్వాలేదు, నొప్పొస్తే ఆపేయమన్నారు. నేను ఫోన్లో టైమర్ పెట్టాను. ముందు ఎడమ చేయి. 18 వచ్చాయి. కాసేపు ఆగి కుడి చేయి. సంచి ఊగకుండా, మోచేయి ఒంటికి ఆనించి, అచ్చం మేడం చెప్పినట్టే ఎత్తుతున్నారు. టైమర్ మోగేసరికి నా లెక్కకి 13.

"పదమూడు నాన్నా" అన్నాను.

"పదకొండు వేసుకో" అన్నారు, సంచి కింద పెట్టి జబ్బ రాసుకుంటూ. "చివరి రెండూ కిందదాకా దించలేదు."